సందేశాలకు దుబాసీ

దుబాసీ అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. రెండు భాషలు తెలిసినవాడు ద్విభాషి. జనుల నోట ఆ మాటే దుబాసీ అయినది. ఈస్టిండియా కంపెనీ వర్తకులు మచిలీపట్నంలోను, చెన్నపట్నంలోను వ్యాపారం సాగించిన కాలంలో దుబాసీ లేనిదే బేరం నడిచేది కాదు. కాశీయాత్ర చరిత్ర వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా ఉద్యోగం చేసినవారే. న్యాయస్థానంలో అటువంటి ఉద్యోగి బాధ్యత ఎంతటిదో ఊహించవచ్చును. సాక్షి చెప్పిన మాటలలో ఒకటి వదిలినా, చెప్పని మాట ఒకటి చేర్చినా, ఒకరి ఆస్తి మరొకరిది కావచ్చును. ఒక్కొక్కప్పుడు నిరపరాధికి శిక్ష పడవచ్చును.

నేడు అటువంటి పనినే కంప్యూటర్ల మధ్య కూర్చున్న ప్రోగ్రాములు రాత్రింబవళ్లు చేస్తున్నవి. గల్ఫు దేశంలో పనిచేసే కరీంనగరు యువకుడు ఇంటికి డబ్బు పంపినా, విశాఖపట్నం వర్తకుడు సింగపూరునుండి సరుకు తెప్పించి దాని వెల చెల్లించినా, ఆ వర్తమానం పలు యంత్రాల చేతులు మారుతుంది. ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క భాష. మధ్యనున్న దుబాసీ సక్రమంగా పనిచేసినంతకాలం వాని ఉనికియే మనకు తెలియదు. తప్పు జరిగిననాడు మాత్రం డబ్బు ఆగిపోతుంది, పేరు మారిపోతుంది, జవాబు చెప్పేవారు కనబడరు. కాబట్టి ఈ దుబాసీ పనితీరును సామాన్య పాఠకులు కూడ తెలిసికొనుట మంచిది.

అంకెకు పేరు పెట్టడం

ఒక కాగితంపై ‘5000, 03-04-2025’ అని మాత్రమే వ్రాసి ఉన్నదనుకొందాము. అది అయిదు వేల రూపాయలా, డాలర్లా? తేదీ ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా? భారతీయుడు ఒక విధంగాను, అమెరికావాడు మరొక విధంగాను చదువుతాడు. మనుష్యులైతే ఒకరినొకరు అడిగి తెలిసికొంటారు. యంత్రానికి అడిగే అలవాటు లేదు. తనకు నేర్పిన విధంగా చదివి ముందుకు సాగిపోతుంది.

ఈ చిక్కును తీర్చుటకు విద్వాంసులు కనిపెట్టిన ఉపాయం, ప్రతి సమాచారానికి ఇరుప్రక్కల దాని పేరు వ్రాయడం. 1969లో ఐ.బి.యం. సంస్థలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అనే ముగ్గురు ఈ పద్ధతికి పునాది వేసినారు. అదే పెరిగి 1986లో అంతర్జాతీయ ప్రమాణమైనది. అయితే ఆ ప్రమాణం మిక్కిలి జటిలమైనది. దానిని కుదించి, ఇంటర్నెట్టుకు అనువుగా దిద్ది, 1998 ఫిబ్రవరి 10న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ‘ఎక్స్.ఎం.ఎల్.’ పేరుతో ప్రకటించినది. దాని రూపం ఇట్లుంటుంది:

<మొత్తం నాణెం="రూపాయలు">5000</మొత్తం>
<తేదీ>2025-04-03</తేదీ>

ఇది కేవలం వివరించుటకు కల్పించిన తెలుగు అనుకోనక్కరలేదు. ఎక్స్.ఎం.ఎల్. నియమాల ప్రకారం ఈ పేర్లను తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును. యంత్రం వాటిని ఆక్షేపించదు. తేదీలో ముందు సంవత్సరం, తరువాత నెల, చివర రోజు వ్రాయడం కూడ అంతర్జాతీయంగా అంగీకరించిన పద్ధతి. ఇక సందేహానికి తావు లేదు.

కవరు బరువెక్కినది

ఒక కంప్యూటరు మరొక కంప్యూటరును నెట్‌వర్కుద్వారా ఏదైనా పని అడిగి చేయించుకొనే ఏర్పాటును వెబ్ సర్వీసు అంటారు. కార్యాలయంలో కిటికీవద్ద దరఖాస్తు ఇచ్చి జవాబు పుచ్చుకోవడం వంటిదే ఇది. ఆ దరఖాస్తు ఏ విధంగా ఉండవలెనో నిర్ణయించుటకు 1999 సంవత్సరంలో ‘సోప్’ అనే పద్ధతి వెలువడినది. 2003లో దాని 1.2 రూపాంతరం ప్రమాణమైనది. ఇందులో ప్రతి సందేశానికి ఒక కవరు, కవరులో అవసరమైనచో ఒక శీర్షిక భాగం, ఆ తరువాత అసలు విషయం ఉంటాయి.

ఆలోచన మంచిదే. కాని కాలక్రమాన రక్షణకొక నియమావళి, చిరునామాకొక నియమావళి, సందేశం తప్పక చేరుటకు మరొక నియమావళి వచ్చి చేరినవి. నాలుగు ముక్కలు చెప్పే ఉత్తరానికి నలభై ముక్కల కవరు తయారైనది. పైగా ఒక పెద్ద సంస్థ తన సర్వీసును నిర్మించేటప్పుడు తనకు ఎప్పుడో ఒకప్పుడు కావలసిన సమాచారాన్నంతా అందులో చేరుస్తుంది. దరఖాస్తులో రెండు వందల గడులున్నవనుకొందాము. చిన్న దుకాణదారునికి కావలసినవి అందులో అయిదు: ఎవరు, ఎవరికి, ఎంత, ఎప్పుడు, దేనికి. ఆ అయిదింటికోసం అతడు రెండు వందల గడులను అర్థం చేసికొనవలెనా?

అక్కరలేదు. మధ్య ఒక దుబాసీని కూర్చోబెట్టవచ్చును. దుకాణదారుడు అయిదు గడుల చీటీ ఇస్తాడు. దుబాసీ దానిని రెండు వందల గడుల దరఖాస్తుగా మార్చి పెద్ద సంస్థకు పంపుతాడు. అక్కడినుండి వచ్చిన పెద్ద జవాబును మరల చిన్న చీటీగా మార్చి దుకాణదారునికి ఇస్తాడు. ఇటువారికి అటువారి క్లిష్టత తెలియదు. పెద్ద సంస్థ రేపు తన దరఖాస్తు రూపం మార్చినా దుబాసీకి క్రొత్త పాఠం చెప్పుకొంటే సరిపోతుంది. వేలకొలది దుకాణాలవారు తమ యంత్రాలను తిరుగవ్రాసుకొనే బాధ తప్పుతుంది.

సూత్రాలతో నడిచే దుబాసీ

ఈ పనికై 1999 నవంబరు 16న ‘ఎక్స్.ఎస్.ఎల్.టి.’ అనే భాషకు ప్రమాణపత్రం వెలువడినది. దాని సంపాదకుడు జేమ్స్ క్లార్క్. 2007లో రెండవ రూపం, 2017లో మూడవ రూపం వచ్చినవి. ఈ భాష విశేషమేమనగా, ఇందులో ‘మొదట ఇది చేయుము, తరువాత అది చేయుము’ అనే వరుస ఆజ్ఞలు తక్కువ. ‘ఫలానిది కనబడినచోట ఫలాని విధంగా వ్రాయుము’ అనే సూత్రాలు ఎక్కువ. వ్యాకరణం చదివినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు. ‘ఫలాని వర్ణానికి ఫలానిది పరమైనచో ఫలాని ఆదేశం వచ్చును’ అని సంధి సూత్రాలు చెప్పినట్లే ఇదీ ఉంటుంది.

యంత్రం మొట్టమొదట సందేశాన్నంతా ఒక వంశవృక్షంగా పేర్చుకొంటుంది. పెద్ద కవరు మూలపురుషుడు. అందులోని భాగాలు సంతానం. వాటిలోని గడులు మనుమలు. ఏ గడి ఎక్కడున్నదో చెప్పుటకు వాడే పదాలు కూడ చుట్టరికాలే: తల్లి, బిడ్డ, పూర్వికుడు, తోబుట్టువు. ‘పంపినవారు అనే తల్లికి బిడ్డయైన పేరు’ అంటే ఒకటి, ‘పుచ్చుకొనేవారు అనే తల్లికి బిడ్డయైన పేరు’ అంటే మరొకటి. రెండింటి పేరూ ‘పేరు’ అయినా యంత్రం పొరబడదు. ఆ వృక్షాన్ని చూచి, సూత్రాల ప్రకారం వేరొక వృక్షాన్ని నాటడమే రూపాంతరం.

ఇటీవలి కాలంలో అనేక క్రొత్త సర్వీసులు ఎక్స్.ఎం.ఎల్.కు బదులు ‘జేసన్’ అనే తేలికరూపాన్ని వాడుతున్నవి. అయినను బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు, భీమా సంస్థలు మొదలైన చోట్ల ఎక్స్.ఎం.ఎల్. సందేశాలు నేటికీ విరివిగా నడుస్తున్నవి. మన దేశంలో 2016లో మొదలైన యు.పి.ఐ. చెల్లింపు సందేశాలకు నిర్ణయించిన రూపం కూడ ఎక్స్.ఎం.ఎల్.యే. రూపం ఏదైనా దుబాసీ ధర్మం ఒక్కటే.

తొంభై మందికి బదులు ఇరవై మంది

మన రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో 22 భాషలున్నవి. ప్రతి భాషనుండి మిగిలిన ప్రతి భాషకు నేరుగా అనువదించువారు కావలెనన్నచో 22ను 21తో హెచ్చవేయగా 462 మంది కావలసి ఉంటుంది. తెలుగునుండి అస్సామీకి, కాశ్మీరీనుండి మలయాళానికి నేరుగా అనువదించువారు ఎందరు దొరుకుతారు? అందుకే మనవారు తరచుగా హిందీనో ఇంగ్లీషునో వారధిగా వాడుకొంటున్నారు.

యంత్రాల విషయంలోనూ ఇదే లెక్క. ఒక సంస్థలో పది యంత్రాలు, పది విధాల సందేశాలు ఉన్నచో నేరు దుబాసీలు తొంభై మంది కావలెను. అందరూ అంగీకరించే ఒక ఉమ్మడి రూపాన్ని నిర్ణయించుకొన్నచో ఒక్కొక్క యంత్రానికి ఇద్దరు చొప్పున ఇరవై మంది చాలు. పదకొండవ యంత్రం వచ్చి చేరినప్పుడు మొదటి పద్ధతిలో మరి ఇరవై మంది, రెండవ పద్ధతిలో ఇద్దరే అవసరం. వెబ్ సర్వీసుల క్లిష్టతను తగ్గించే ఉపాయాలలో ఉమ్మడి రూపం ముఖ్యమైనది.

కాని వారధి భాషలో ఒక ప్రమాదమున్నది. తెలుగు కథలో ‘పిన్ని’ వచ్చినది. తమిళంలో దానికి సరియైన ‘చిత్తి’ అనే మాట ఉన్నది. నేరుగా అనువదించినచో ఏ లోటూ లేదు. ఇంగ్లీషు మీదుగా వెళ్లినప్పుడు పిన్ని ‘ఆంట్’ అవుతుంది. ఆ ఇంగ్లీషును చూచి వ్రాసే తమిళుడు చిత్తి అనవలెనా, అత్త అనవలెనా? ఇటు ఉన్నది, అటు ఉన్నది, మధ్య ఇరుకుదారిలో జారిపోయినది. ఉమ్మడి రూపం ఇరువైపులవారి భేదాలను మోయగలిగినంత విశాలంగా ఉండవలెను. లేనిచో సౌలభ్యం పేరిట సమాచారం నశిస్తుంది.

ముప్పది అయిదు అక్షరాల గీత

ఈ నష్టం ఊహామాత్రం కాదనుటకు బ్యాంకుల చరిత్రయే సాక్షి. దేశాలమధ్య చెల్లింపు వర్తమానాలు పంపుటకు 1973లో 15 దేశాలకు చెందిన 239 బ్యాంకులు కలిసి బెల్జియంలో ‘స్విఫ్ట్’ అనే సంస్థను స్థాపించినవి. 1977లో అది పని ప్రారంభించినది. ఆనాటి టెలెక్సు అలవాట్లకు తగినట్లు దాని సందేశాలు పొట్టివి. ఎం.టి. 103 అనే చెల్లింపు సందేశంలో సొమ్ము పుచ్చుకొనేవారి పేరు, చిరునామా కలిపి నాలుగు పంక్తులు. పంక్తికి 35 అక్షరాలు. ఆ అక్షరాలూ రోమను లిపిలోనివే.

దీని స్థానంలో ఎక్స్.ఎం.ఎల్. రూపంలోని ‘ఐ.ఎస్.ఓ. 20022’ అనే ప్రమాణం వచ్చినది. 2004లో వెలువడిన ఈ ప్రమాణంలో పేరు ఒక్కదానికే 140 అక్షరాల చోటున్నది. వీధి, ఇంటి సంఖ్య, ఊరు, పిన్‌కోడు, దేశం అన్నింటికీ వేరువేరు గడులున్నవి. మన రిజర్వు బ్యాంకు 2004లో ప్రారంభించిన ఆర్.టి.జి.ఎస్. విధానాన్ని 2013 అక్టోబరు 19న ఈ ప్రమాణానికి మార్చినది. స్విఫ్ట్ తన అంతర్జాతీయ చెల్లింపులలో 2023 మార్చినుండి 2025 నవంబరు వరకు పాత, క్రొత్త రూపాలను రెండింటినీ ప్రక్కప్రక్కన నడిపినది.

ఆ రెండున్నర సంవత్సరాలకుపైగా దుబాసీలకు చేతినిండ పని. క్రొత్త రూపంలో బయలుదేరిన విశాలమైన సందేశం పాతరూపం మాత్రమే తెలిసిన బ్యాంకుకు చేరినప్పుడు దానిని కుదించవలసి వచ్చినది. ఇంటిపేరు, పెట్టినపేరు, తండ్రిపేరు కలిపి వ్రాసే తెలుగువాని పేరు 35 అక్షరాలలో ఇమడకపోవుట ఆశ్చర్యం కాదు. చిరునామాలో ఇంటి సంఖ్య, ‘ఫలాని గుడి ఎదుట’ అనే గుర్తు, గ్రామం, మండలం, జిల్లా వరుసగా వ్రాసినచో మూడు పంక్తులు ఏ మూలకు? ఇటువంటి సందర్భంలో అక్షరాలను కత్తిరించి ఊరకుండక, కత్తిరించినచోట కూడిక గుర్తు ఉంచవలెనని మార్పు నియమాలలో వ్రాసినారు. గుర్తు చూచినవారు ‘ఇక్కడ ఇంకేదో ఉన్నది, మూలం చూడవలెను’ అని గ్రహిస్తారు. నిజాయితీగల దుబాసీ చేయవలసిన పని ఇదే. అన్నీ చెప్పలేకపోవడం నేరం కాదు; అన్నీ చెప్పినట్లు నటించడం నేరం.

లేనిది కల్పించరాదు

వదలడం ఒక దోషమైతే చేర్చడం రెండవ దోషం. అయిదు గడుల చీటీని రెండు వందల గడులుగా మార్చునప్పుడు మిగిలిన నూట తొంభై అయిదింటిలో తప్పనిసరి గడులను దుబాసీ ఏదో ఒకదానితో నింపవలెను. నాణెం చెప్పనిచో రూపాయలని వ్రాయవలెనా? దేశం చెప్పనిచో భారతదేశమని వ్రాయవలెనా? హైదరాబాదు దుకాణానికి ఇది సరిపోవచ్చును. అదే సూత్రాన్ని రేపు దుబాయి శాఖకు వాడినచో దిర్హములు రూపాయలైపోతాయి.

పేర్ల సంగతి అమెరికా వెళ్లిన తెలుగువారు ఎరిగినదే. అక్కడి యంత్రాలకు పేరు రెండు ముక్కలుగా కావలెను. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండి రెండవ గడి ఖాళీగా ఉన్నచో, అమెరికా వీసాపై ‘పెట్టినపేరు తెలియదు’ అనే అర్థమిచ్చే ‘ఎఫ్.ఎన్.యు.’ అనే మూడక్షరాలు పడతాయి. ఆ తరువాత వేరొక యంత్రం ఆ మూడక్షరాలనే పేరుగా భావించి ముద్రించిన సందర్భాలు కలవు. ‘తెలియదు’ అని చెప్పుటకు వేరే చోటు లేనప్పుడు, అజ్ఞానమే పేరై కూర్చుంటుంది.

కొలతల విషయంలో ఊహించి ముందుకు పోవడం ఎంతటి అనర్థమో అంగారక గ్రహంవద్ద రుజువైనది. 1998 డిసెంబరు 11న అమెరికా ప్రయోగించిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌక 1999 సెప్టెంబరు 23న అంగారకుని సమీపించి మాయమైనది. నౌక చిన్న ఇంజన్లు కలిగించిన తోపును భూమిపైనున్న ఒక ప్రోగ్రాము పౌను కొలతలో లెక్కించి ఇచ్చినది. పుచ్చుకొన్న ప్రోగ్రాము దానిని న్యూటను కొలతగా చదివినది. రెండింటికీ సుమారు నాలుగున్నర రెట్లు తేడా. అంకెలన్నీ సరియైనవే. అంకె ప్రక్కన ఉండవలసిన పేరు మాత్రం లేదు.

ముద్ర చెడని మార్పు

మూడవ చిక్కు సంతకానికి సంబంధించినది. ఎక్స్.ఎం.ఎల్. పత్రాలపై డిజిటల్ సంతకం చేయవచ్చును. ఆధార్ సంస్థ ప్రవేశపెట్టిన ఆఫ్‌లైన్ ఇ-కె.వై.సి. పత్రం ఇటువంటిదే. ఆ సంతకం పత్రంలోని ప్రతి అక్షరానికి కట్టిన ముడి. ఒక అక్షరం మారినా ముడి వీడిపోయి, పరీక్షించువానికి ‘ఇది మూలం కాదు’ అని తెలిసిపోతుంది. దుబాసీ సదుద్దేశంతో ఊరిపేరులోని అక్షరదోషాన్ని దిద్దినా సరే, ముద్ర చెడినట్లే.

కాబట్టి సంతకం ఉన్న పత్రాన్ని ముందుగా పరీక్షించి, అది మూలమని నిశ్చయించుకొని, ఆ తరువాతనే రూపం మార్చవలెను. మార్చిన ప్రతికి మూలపు సంతకం వర్తించదు. అది దుబాసీ మాట మాత్రమే. రిజిస్ట్రారు కచ్చేరీలో దస్తావేజు నకలు ఎంత చక్కగా వ్రాసినా అసలును పారవేయము గదా! అదే విధంగా వచ్చిన మూలసందేశాన్ని మార్పు లేకుండ భద్రపరచవలెను. వివాదం వచ్చిననాడు న్యాయం చేయగలిగేది అదొక్కటే.

సౌలభ్యం ఎవరికి, బాధ్యత ఎవరిది?

సారాంశం చెప్పవలెనన్నచో, మంచి దుబాసీకి నాలుగు లక్షణాలుండవలెను. తాను వదిలినదానిని వదిలినట్లు గుర్తు పెట్టవలెను. తెలియనిదానిని తెలియదనవలెనే గాని ఊహతో నింపరాదు. మూలాన్ని దాచి ఉంచవలెను. ఏ సూత్రం ప్రకారం, ఏ తేదీన, ఏ రూపం మార్చినదో అడిగినప్పుడు చూపగలుగవలెను. ఈ నాలుగూ ఖర్చుతో కూడిన పనులు. అందుచేతనే తొందరలో ఉన్న సంస్థలు వీటిని విస్మరించుట కద్దు. క్లిష్టమైన సర్వీసును సులభం చేయడమంటే క్లిష్టత నశించినదని అర్థం కాదు. అది వాడుకరి నెత్తినుండి దిగి దుబాసీ నెత్తికి ఎక్కినది. ఆ బరువు మోయుటకు అతడు సిద్ధంగా లేనిచో, చివరకు అది దిక్కులేనివాని పైననే పడుతుంది. పేరులో ఒక అక్షరం తేడా వచ్చినదని పింఛను నిలిచిపోయిన ముసలమ్మకు సూత్రాలతో ఏమి పని? ఆమెకు కావలసినది, ఆ అక్షరం ఎక్కడ మారినదో వెదకి చెప్పగల మనిషి.

సామాన్య పాఠకులు తమ వంతుగా చేయదగినవి కొన్ని కలవు. బ్యాంకు, పాస్‌పోర్టు, ఆధార్ పత్రాలలో పేరును ఒకే వరుసలో, ఒకే అక్షరాలతో వ్రాయించుకొనుట మంచిది. చిరునామా ఇచ్చేటప్పుడు ఊరు, పిన్‌కోడు, దేశం వాటి గడులలోనే విడిగా నింపవలెను. అన్నింటినీ ఒకే గడిలో కుక్కరాదు. అంతర్జాతీయ చెల్లింపులలో గడులుగా విడదీయని చిరునామాలకు 2026 నవంబరును గడువుగా నిర్ణయించినారు కూడ. సొమ్ము పంపినప్పుడు బ్యాంకు ఇచ్చే సంఖ్యను భద్రపరచుకొనవలెను. ఆర్.టి.జి.ఎస్.లో ఆ సంఖ్యకు 22 అక్షరాలుంటాయి. సందేశం ఎన్ని చేతులు మారినా, ఎన్ని రూపాలు ధరించినా, దాని జాడ పట్టుకొనుటకు ఉపకరించేది ఆ సంఖ్యయే. ఫిర్యాదు వ్రాసేటప్పుడు ‘డబ్బు రాలేదు’ అని మాత్రమే వ్రాయక, ఆ సంఖ్యను ఉదహరించి, ‘మీకు చేరిన మూలసందేశంలో నా పేరు ఏ విధంగా ఉన్నది?’ అని అడగండి. ఆ ప్రశ్నతో వారు మూలాన్ని తెరచి చూడవలసి వస్తుంది.